బహుమతి ఎవరి చేతి మీదుగా అందాలి?

సభకు నమస్కారం.

క్రిస్మస్ దగ్గరపడే రోజుల్లో, మన పిల్లలకు కొనేవాటితో పాటు ఇబ్బందుల్లో ఉన్న మరో ఇంటి పిల్లలకు కూడా ఏదైనా ఇద్దామన్న ఆలోచన చాలా కుటుంబాల్లో కలుగుతుంది. ఆ ఆలోచన మంచిదని చెప్పడానికి నేను సమయం తీసుకోను. ఆ కోరిక ఉన్నవారే ఈ సభకు వచ్చారని నాకు తెలుసు. ఇవ్వాలని నిశ్చయించుకున్న కుటుంబం ఆ పనిని ఏ పద్ధతిలో చేస్తే పుచ్చుకునే బిడ్డకూ, ఆ బిడ్డను కన్నవారికీ, ఇచ్చే ఇంటి పిల్లలకూ కూడా మేలు జరుగుతుందన్నదే ఈ పూట నేను మాట్లాడదలచిన విషయం. నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను. బహుమతి వీలైనంతవరకు ఆ బిడ్డ సొంత తల్లి చేతి మీదుగానో, తండ్రి చేతి మీదుగానో, వారు లేనిచోట రోజూ ఆ బిడ్డ ఆలనాపాలనా చూసే మనిషి చేతి మీదుగానో అందాలి. ఇచ్చే కుటుంబం వారి వెనుక, కనపడకుండా నిలబడాలి.

క్రిస్మస్ బహుమతుల సంప్రదాయానికి మూలంగా చెప్పుకునే పాత కథలో కూడా ఇదే ఉంది. నాలుగో శతాబ్దంలో, నేటి తుర్కియేలో ఉన్న మైరా పట్టణానికి బిషప్‌గా పనిచేసిన నికొలస్ గురించి పరంపరగా వస్తున్న కథ అది. ఆస్తి పోగొట్టుకుని, ముగ్గురు కుమార్తెలకు కట్నమిచ్చి పెళ్లి చేయలేని స్థితికి వచ్చిన ఒక తండ్రి ఇంట్లోకి నికొలస్ రాత్రివేళ కిటికీలోంచి బంగారం మూట విసిరి వెళ్లిపోయాడని, ఒక్కో కుమార్తెకు ఒక్కో మూట చొప్పున మూడుసార్లు అలా చేశాడని, మూడోసారి తండ్రి కాపు కాసి పట్టుకుంటే తాను బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని కోరాడని ఆ కథ చెబుతుంది. ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఆయన గోప్యత గురించే మాట్లాడతారు. నాకు మాత్రం బంగారం ఎవరికి చేరిందన్నది ముఖ్యమనిపిస్తుంది. ఆయన ఆ ఆడపిల్లలను పిలిపించి, పదిమంది ముందు వారి చేతిలో మూటలు పెట్టలేదు. బంగారం తండ్రికి చేరింది, పెళ్లిళ్లు తండ్రే చేశాడు, తండ్రి స్థానం ఆ ఇంట్లో చెక్కుచెదరకుండా నిలిచింది. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులు బంగారాన్ని, సాంబ్రాణిని, బోళాన్ని తెచ్చినప్పుడు కూడా వారు ఇంట్లోకి వచ్చి చూసింది తల్లి మరియతో ఉన్న శిశువునే. ఆ వయసులో శిశువు ఆ మూడింటిలో దేనినీ వాడుకోలేడు. అవి ఆ తల్లిదండ్రుల చేతిలోనే ఉండవలసిన వస్తువులు.

ఇక మన కాలానికి వస్తాను. అమెరికాలో మేరీ కే బియర్డ్ అనే మహిళ బ్యాంకు దోపిడీ నేరాలకు అలబామా రాష్ట్రంలో జైలు శిక్ష అనుభవించింది. క్రిస్మస్ సమయంలో సేవాసంఘాలవారు జైలుకు వచ్చి మహిళా ఖైదీలకు సబ్బు, షాంపూ, పళ్లు తోముకునే పేస్టు వంటివి పంచేవారు. ఖైదీలలో తల్లులైనవారు వాటిని తాము వాడుకోకుండా దాచుకుని, దొరికిన కాగితంలో చుట్టి, తమను చూడడానికి వచ్చిన పిల్లలకు క్రిస్మస్ బహుమతిగా ఇవ్వడం ఆమె చూసింది. సబ్బు ముక్కను అందుకున్న పిల్లలు కూడా దానిని సంబరంగా తీసుకున్నారు, ఎందుకంటే అది అమ్మ ఇచ్చింది. విడుదలైన తర్వాత ఖైదీల మధ్య పనిచేసే ప్రిజన్ ఫెలోషిప్ అనే క్రైస్తవ సంస్థలో చేరిన ఆమె, 1982లో ఒక క్రిస్మస్ చెట్టుకు కాగితంతో చేసిన దేవదూతల బొమ్మలను వేలాడదీసి, ఒక్కో బొమ్మ మీద ఒక్కో ఖైదీ బిడ్డ పేరు, ఆ బిడ్డకు కావలసిన వస్తువు రాయించింది. దారిన పోయేవారు ఒక బొమ్మ తీసుకుని ఆ బిడ్డకు బహుమతి కొనిచ్చేవారు. ఏంజెల్ ట్రీ పేరుతో ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. అందులో నేను అన్నిటికంటే గౌరవించే నియమం ఒకటి ఉంది: కొన్నది ఎవరైనా సరే, బహుమతి బిడ్డకు చేరేది జైల్లో ఉన్న తల్లి పేరు మీద, తండ్రి పేరు మీద. కొన్నవారి పేరు అక్కడ ప్రధానం కాదు. జైలుకు వెళ్లిన తండ్రి తనను మరిచిపోయాడేమోనన్న దిగులుతో ఉన్న బిడ్డకు, నాన్న గుర్తుపెట్టుకుని పంపాడన్న సంగతి ఆ బొమ్మ కంటే ఎంతో విలువైనది. డబ్బు పెట్టినవారు తమ పేరును పక్కన పెట్టుకోవడం వల్లనే ఆ సంగతి ఆ బిడ్డకు చేరుతోంది.

అదే పేరుతో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడుపుతున్న మరో కార్యక్రమం కూడా ఉంది. అది అంతకు ముందే, 1979లో, వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో మొదలైంది. రెండింటిలోనూ చెట్టుకు కట్టిన కాగితం మీద ఒక నిర్దిష్టమైన బిడ్డకు సంబంధించిన వివరం ఉంటుంది. గుంపుగా ‘పేద పిల్లలు’ అని అనుకుని ఇచ్చేదానికీ, ఎనిమిదేళ్ల అమ్మాయి, రంగు పెన్సిళ్లు అడిగింది, ఈ కొలత చెప్పులు కావాలంది అని తెలిసి ఇచ్చేదానికీ చాలా తేడా ఉంది. ఇచ్చేవారు ఎవరో తెలియనవసరం లేదు గాని, పుచ్చుకునేవారికి ఏం కావాలో ఇచ్చేవారికి తెలిసి తీరాలి.

ఇదే ఆలోచనను కొన్ని సంస్థలు ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లాయి. దాతలిచ్చిన బొమ్మలను, పుస్తకాలను, దుస్తులను ఒక గదిలో దుకాణంలో లాగా పేర్చి, తల్లిదండ్రులను మాత్రమే లోపలికి రమ్మంటారు. వారు తమ బిడ్డకు ఏది నచ్చుతుందో చూసుకుని ఎంచుకుంటారు, అక్కడే కూర్చుని చుట్టుకుంటారు, ఇంటికి తీసుకువెళ్లి పండుగనాడు తమ చేతులతో ఇస్తారు. కొన్నిచోట్ల వస్తువు అసలు విలువలో కొద్ది భాగాన్ని వారి నుంచి తీసుకుంటారు. లేనివారి దగ్గర డబ్బు తీసుకోవడమేమిటని మొదట అనిపించవచ్చు. కాని బిడ్డకు పండుగ బహుమతి కొనిచ్చానని చెప్పుకోగలగడం ఏ తండ్రికైనా ఎంత అవసరమో ఆలోచిస్తే, ఆ కొద్ది మొత్తం ఎందుకో అర్థమవుతుంది. అయితే ఆ కొద్ది కూడా ఇవ్వలేనివారు ఎప్పుడూ ఉంటారు కనుక, ఎవరు ఎంత ఇచ్చారో మరొకరికి తెలియని ఏర్పాటు ఉన్నప్పుడే ఈ పద్ధతి మంచిదని నా అభిప్రాయం.

ఎదురు పద్ధతి ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువగా జరుగుతున్నది అదే. పిల్లలను వేదిక ముందు వరుసగా నిలబెడతారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు. దాత కుటుంబం బహుమతి ప్యాకెట్టును సగం తన చేతిలోనే ఉంచుకుని, ఫొటో తీసేవరకు బిడ్డ చేతిలోకి వదలదు. ఆ సాయంత్రానికి ఆ ఫొటో ఆ బిడ్డ సహవిద్యార్థుల తల్లిదండ్రుల ఫోన్లలోకి కూడా చేరుతుంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం, బిడ్డ ఏకాంతంలోకి, కుటుంబంలోకి అకారణంగా చొరబడడాన్ని, బిడ్డ గౌరవానికి భంగం కలిగించడాన్ని నిషేధిస్తోంది. అదే ఒడంబడికలోని 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని బిడ్డ హక్కుగా గుర్తించింది. ఒక హక్కును అందించడానికి వెళ్లి మరొక హక్కును కాలరాయడం న్యాయం కాదు. తాను సాయం పొందిన బిడ్డనని పదిమందికి తెలియడం పెద్దలకు చిన్న విషయంగా కనిపించవచ్చు. తొమ్మిదేళ్లు, పదేళ్లు వచ్చిన పిల్లలకు అది చాలా పెద్ద విషయం. అందుచేత పుచ్చుకునే బిడ్డ ఫొటో తీయకండి అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. కుటుంబానికి జ్ఞాపకం కావాలనుకుంటే మీ ఇంట్లో మీ పిల్లలు కార్డు రాస్తున్నప్పుడు, వస్తువులు సర్దుతున్నప్పుడు ఫొటో తీసుకోండి.

మరి మన పిల్లలు ఎదుటి బిడ్డ సంతోషాన్ని కళ్లారా చూడకపోతే ఇవ్వడంలోని ఆనందం వారికి ఎలా తెలుస్తుందని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే. పిల్లల్లో ఇచ్చే గుణం గురించి 2012లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. రెండేళ్లు కూడా నిండని పసిపిల్లలకు కొన్ని చిరుతిళ్లు ఇచ్చి, వాటిని చేతికి తొడిగి ఆడించే ఒక బొమ్మతో పంచుకునే అవకాశం కల్పించి, వారి ముఖంలో సంతోషం ఎప్పుడు ఎక్కువగా కనిపిస్తుందో గమనించారు. తాము పుచ్చుకున్నప్పటి కంటే ఇచ్చినప్పుడు పిల్లలు ఎక్కువ సంతోషంగా కనిపించారు. అంతేకాక, పరిశోధకుడు సమకూర్చిన దానిని అందించినప్పటి కంటే తమ సొంత వాటాలోంచి తీసి ఇచ్చినప్పుడు మరింత సంతోషంగా కనిపించారు. కనుక ఆనందానికి మూలం బిడ్డ సొంతంగా ఏదో ఒకటి పెట్టడంలో ఉందని నేను అనుకుంటున్నాను. నాన్న డబ్బుతో అమ్మ కొన్న పెట్టెను మోసుకువెళ్లి వేదిక మీద అందించే పిల్లవాడు ఆ వ్యవహారంలో నిజంగా ఏమీ ఇవ్వలేదు. దాచుకున్న చిల్లరలోంచి కొంత తీసి, ఏది కొనాలో తానే ఆలోచించి, తానే చుట్టిన పిల్లవాడు ఇచ్చాడు. పుచ్చుకున్నవారు ఎవరో అతనికి ఎప్పటికీ తెలియకపోయినా ఇచ్చాడు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లల నుంచి ఏదీ బలవంతంగా తీసుకోవద్దు. పిల్లవాడు ప్రాణంగా చూసుకునే బొమ్మను త్యాగం చేయమని ఒత్తిడి చేస్తే, లేనివారి మీద అతనికి కలిగేది ప్రేమ కాదు, కోపం. అలాగే, ఆ పిల్లలను చూడు, వాళ్లకు ఏమీ లేదు, నీకు ఎన్ని ఉన్నాయో చూడు అంటూ మందలించడం కూడా సరైనది కాదు. ఎదుటి బిడ్డ కష్టాన్ని మన బిడ్డకు పాఠంగా వాడుకోవడం అవుతుంది. పైగా లేనివారంటే జాలిపడవలసినవారే తప్ప తనలాగే బొమ్మల మీద, ఆటల మీద ఇష్టాయిష్టాలున్న పిల్లలు కారన్న భావన ఆ మాటల వల్ల మనసులో నాటుకుంటుంది. నీ ఈడు పిల్ల ఒకరున్నారు, ఆమెకు బొమ్మలు గీయడం ఇష్టమట, ఏం కొందాం అని అడిగి చూడండి. పిల్లలు మనకు తట్టనివి చెబుతారు: రంగులు ఇస్తే కాగితాలు కూడా ఇవ్వాలంటారు, కాగితాలు ఇస్తే పెన్సిలు చెక్కుకునే షార్పెనర్ కూడా పెట్టాలంటారు. ఆ లెక్కలో వారు పెద్దల కంటే చాలా నిశితంగా ఉంటారు.

ఏం ఇవ్వాలన్న ప్రశ్నలో మొదట తేల్చుకోవలసింది కొత్తదా, పాతదా అన్నది. అమెరికాలో మెరైన్ అనే సైనిక దళపు రిజర్వు విభాగం నడిపే టాయ్స్ ఫర్ టాట్స్ అనే కార్యక్రమం ఈ విషయంలో నడిచిన దారి తెలుసుకోదగ్గది. 1947లో లాస్ ఏంజెలెస్‌లో డయాన్ హెండ్రిక్స్ అనే గృహిణి తన చేత్తో కుట్టిన బొమ్మను అవసరమున్న బిడ్డకు చేర్చే సంస్థకు ఇచ్చి రమ్మని, మెరైన్ రిజర్వు అధికారి అయిన తన భర్త బిల్‌ను అడిగింది. అలాంటి సంస్థ ఏదీ దొరకలేదని ఆయన చెబితే, అయితే మీరే ఒకటి పెట్టండి అంది. ఆ ఏడాది ఆయనా ఆయన సహచరులూ కలిసి 5,000 బొమ్మలు సేకరించి పంచారు. మరుసటి ఏడాది నుంచి అది దేశవ్యాప్త కార్యక్రమమైంది. మొదటి దశాబ్దాలలో వారు పాత బొమ్మలను తీసుకుని, వారాంతాల్లో కూర్చుని బాగుచేసి ఇచ్చేవారు. 1980 నుంచి కొత్తవి మాత్రమే తీసుకోవాలని నిర్ణయించారు. బొమ్మల భద్రతకు సంబంధించిన చట్టాలు ఒక కారణం. ఒకరు వాడి వదిలేసిన దానిని ఇస్తూ బిడ్డకు ఆశను అందిస్తున్నామని చెప్పడంలో పొంతన లేదన్నది మరొక కారణం. ఆ రెండో కారణంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. పాత వస్తువులు ఇవ్వడం తప్పు కాదు. మంచి స్థితిలో ఉన్న పుస్తకాలు, దుస్తులు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కాని పండుగనాటి బహుమతి ఇల్లు సర్దుకోవడంలో భాగం కాకూడదు.

ఆ కార్యక్రమానికి మరో నియమం కూడా ఉంది: బొమ్మలను చుట్టకుండా ఇవ్వాలి. లోపల ఏముందో చూస్తేనే ఏ వయసు బిడ్డకు పనికివస్తుందో నిర్వాహకులు నిర్ణయించగలరు. అంతకంటే నాకు నచ్చేది, చుట్టే పనిని బిడ్డ తల్లిదండ్రులకు మిగల్చడం. రాత్రి పిల్లలు నిద్రపోయాక కూర్చుని బహుమతి చుట్టడం పండుగలో తల్లిదండ్రులకు దక్కే సుఖాల్లో ఒకటి. మన ఇంట్లో చుట్టుకోవడానికి ఎన్నో ఉంటాయి. ఆ ఒక్కదానిని వారికి వదిలిపెడదాం. మీ పిల్లలకు చుట్టాలని ముచ్చటగా ఉంటే, చుట్టే కాగితాన్ని వారి చేత బొమ్మలు వేయించి విడిగా ఇవ్వండి.

వయసు విషయంలో రెండు మాటలు. మూడేళ్లలోపు పిల్లలకు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడే చిన్న భాగాలున్న బొమ్మలు ఇవ్వకూడదు. గుండీ ఆకారంలో ఉండే బ్యాటరీలను పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చివేయగలవు. అలాంటి బ్యాటరీ వాడే బొమ్మ అయితే దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. ఒకటికొకటి అతుక్కునే చిన్న అయస్కాంతాలు కూడా అంతే ప్రమాదం. ఆ ఇంట్లో అంతకంటే చిన్న తమ్ముడో చెల్లెలో ఉండవచ్చునని గుర్తుంచుకుని ఎంచుకోండి. బ్యాటరీతో నడిచే బొమ్మ ఇస్తే బ్యాటరీలు కూడా ఇవ్వండి. లేకపోతే ఆ ఖర్చును ఆ ఇంటి మీద వేసినట్టవుతుంది.

పసిపిల్లలకు బొమ్మలు కొనడం అందరికీ సరదా కనుక వారికి ఎప్పుడూ సమృద్ధిగానే వస్తాయి. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలు మిగిలిపోతారు. వారు అడగరు, పైగా అడగడానికి సిగ్గుపడే వయసు. మంచి పెన్నుల పెట్టె, బంతి, గొడుగు, చేతి గడియారం, తల దువ్వుకునే సామగ్రి, సొంతంగా తాళం వేసుకోగలిగే చిన్న పెట్టె, ఇలాంటివి వారికి ఎంతో విలువైనవి. మీ కుటుంబం ఒక్క బిడ్డకే ఇవ్వగలిగితే, ఆ ఒక్కరు ఈ వయసువారై ఉండాలని నేను కోరుతాను. ఇంకొకటి: ఒక ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే ముగ్గురికీ ఇవ్వండి, లేదా ముగ్గురూ కలిసి ఆడుకునేది ఒకటి ఇవ్వండి. ఒకరికి ఇచ్చి ఇద్దరిని చూస్తూ ఉండమనడం ఆ తల్లిని ఇరకాటంలో పెట్టడమే.

అనాథాశ్రమాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రుల్లో ఒకరైనా జీవించి ఉంటారన్నది ప్రపంచమంతటా పిల్లల సంక్షేమ రంగంలో పనిచేసేవారు పదే పదే చెబుతున్న వాస్తవం. పేదరికం వల్ల, జబ్బు వల్ల, చదువు కోసం వారిని అక్కడ ఉంచుతారు. క్రిస్మస్ వారంలో ఒకదాని వెంట ఒకటిగా దాతల కుటుంబాలు వచ్చి, పిల్లలను ముద్దుచేసి, బహుమతులిచ్చి, పాటలు పాడించుకుని వెళ్లిపోతాయి. మళ్లీ వచ్చే డిసెంబరు వరకు అటు చూసేవారుండరు. వచ్చి దగ్గరై వెంటనే వదిలివెళ్లేవారు ఎక్కువైనకొద్దీ ఆ పిల్లలకు కలిగే నొప్పి కూడా ఎక్కువవుతుంది. అందువల్ల పరామర్శకు వెళ్లే బదులు, పిల్లలను రోజూ చూసుకునే సిబ్బందితో మాట్లాడి, ఏ బిడ్డకు ఏం కావాలో తెలుసుకుని, వారి చేతికే ఇవ్వండి. పండుగకు తల్లినో మేనమామనో చూడడానికి ఇంటికి వెళ్లగలిగే పిల్లలుంటే వారి ప్రయాణ ఖర్చు భరించడం ఏ బొమ్మ కంటే కూడా గొప్ప బహుమతి. అక్కడ ఉండిపోయే పిల్లలకు వారి పేరు రాసిన, వారికే చెందే వస్తువు ఇవ్వండి. అందరికీ కలిపి ఇచ్చిన బొమ్మ అల్మారాలో తాళం వెనుక ఉండిపోవడం సాధారణంగా జరిగేదే.

బొమ్మలెందుకు, ఆ డబ్బే ఆ కుటుంబానికి ఇవ్వవచ్చు కదా అని కొందరంటారు. అద్దె బాకీ ఉన్న ఇంటికి, మందులు కొనలేని ఇంటికి డబ్బే ఇవ్వాలి, అందులో నాకు సందేహం లేదు. తల్లికి డబ్బు చేరితే బిడ్డకు ఏం కొనాలో ఆమే నిర్ణయించుకుంటుంది గనుక నేను మొదట చెప్పిన మాటకు అది దగ్గరగానే ఉంటుంది. అయితే అవసరాలన్నీ తీరాకే బిడ్డకు ఆటవస్తువు అన్న నియమం పెట్టుకుంటే, కొన్ని ఇళ్లలో పిల్లల బాల్యం గడిచిపోతుంది గాని ఆ రోజు రాదు. రెండూ ఇవ్వగలిగినవారు రెండూ ఇవ్వండి.

క్రిస్మస్ తాత బహుమతులు తెస్తాడని పిల్లలకు చెప్పే ఇళ్లవారికి కూడా ఒక మాట. మీ అబ్బాయికి తాత ఖరీదైన సైకిలు తెచ్చాడని అతను బడిలో చెబితే, పక్కన కూర్చున్న పిల్లవాడికి అదే తాత ఒక జత మేజోళ్లు మాత్రమే ఎందుకు తెచ్చాడో అర్థం కాదు. తాను మంచిగా నడుచుకోలేదేమోనని అతను అనుకుంటాడు. పెద్ద బహుమతి అమ్మానాన్నలు ఇచ్చారని, చిన్నది తాత తెచ్చాడని మీ పిల్లలకు చెప్పండి. దీనికి ఖర్చేమీ లేదు.

కృతజ్ఞత గురించి అడుగుతారు కనుక చెబుతున్నాను: ఉత్తరం రాయమని కోరకండి. రాస్తే సంతోషంగా దాచుకోండి. ప్యాకెట్టులో మీ పిల్లలు రాసిన కార్డు పెట్టాలనుకుంటే, పండుగ శుభాకాంక్షలు మాత్రమే రాయించండి, మీ ఇంటి పేరు, చిరునామా అక్కర్లేదు.

చివరిగా, సమయం. ఏ సంస్థతో కలిసి పనిచేసినా పిల్లల వివరాలు సేకరించడం, కొలతలు తెలుసుకోవడం, వచ్చినవాటిని వయసుల వారీగా వేరుచేయడం వారాల తరబడి సాగే పని గనుక నవంబరులోనే వారిని కలవండి. డిసెంబరు మూడో వారంలో గుర్తొచ్చిందని పెట్టెలు పట్టుకుని వెళితే అప్పటికే జాబితా పూర్తయి ఉంటుంది, మీ బొమ్మలు ఎవరికీ సరిపోకుండా మిగిలిపోవచ్చు. ఆలస్యమైనవారు ఖాళీ చేతులతో వెళ్లి, ఇంకా ఏం తక్కువైందని అడగండి. చాలాసార్లు వారికి కావలసింది చుట్టే కాగితం, అంటించే టేపు, బ్యాటరీలు, పెద్దపిల్లల కోసం ఏవైనా రెండు మూడు వస్తువులు, సంచులు మోయడానికి రెండు చేతులు. అవి తీసుకుని మీ పిల్లలతో కలిసి మర్నాడు మళ్లీ వెళ్లండి.